డిజైను పరిశోధన: వాడుకలోని అపోహలు, వాస్తవములు

నరసన్నపేట బజారులో నిలుచుండి "మా అమ్మాయి డిజైనులో పిహెచ్.డి. చేయబోవుచున్నది" అని ఒక తండ్రి పలికినచో, వినువారిలో కొందరు చీర అంచులను, కొందరు పెండ్లి శుభలేఖలను తలచుకొందురే గాని, అదియొక శాస్త్రవిషయమని తలచువారు మిక్కిలి అరుదు. ఇందులకు వారిని నిందింప బనిలేదు. ఇంజనీరింగు, వైద్యము, డీఎస్సీ అను మూడు త్రోవలే గాని నాల్గవది చూపువారు లేని సిక్కోలు (శ్రీకాకుళము) సీమకు ఈ విద్యను గూర్చి సమాచారముకంటె వదంతియే ముందుగా చేరుచున్నది. ఆ వదంతులలో కొన్ని నిరపాయకరములు. కొన్ని మాత్రము యోగ్యులైన విద్యార్థులను దరఖాస్తు పెట్టకమునుపే వెనుకకు మరలించుచున్నవి.

డిజైననగా అలంకారమే యనియు, అలంకారమునకు డాక్టరేటేమిటనియు అనుకొనుట వీనిలో మొదటిది. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు మన ప్రభుత్వము కోరగా ఈ దేశమంతయు తిరిగి యొక నివేదికను సమర్పించిరి. వారు చూచిన వస్తువులలో మిక్కిలి సుందరమైనదిగా ఎన్నుకొన్నది రాజప్రాసాదమును గాదు, పట్టుచీరను గాదు, నీళ్లచెంబును! ఎంత నీరు పట్టవలెను, తలమీదను నడుముమీదను మోయునపుడు బరువు ఎట్లు నిలువవలెను, వంచినపుడు ధార యెట్లు పడవలెను, తోముటకు మూతి యెంత వెడల్పు ఉండవలెను, పాతబడిన పిదప దాని లోహమునకు వెల యెంత వచ్చును అను ప్రశ్నలనన్నింటిని ఆ చెంబు ఎన్నో తరముల వాడుకలో సమాధానపరచుకొన్నదని వారు గుర్తించిరి. ఆ నివేదికయే ప్రేరణగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలసినది. 1969లో బొంబాయి ఐఐటీలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ఏర్పడినది. మన నరసన్నపేటకు చేరువనే, సారవకోట మండలములోని బుడితిలో, కంచరులు నేటికిని ఇత్తడి పాత్రలను చేయుచున్నారు. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఈమ్స్ దంపతులు అడిగిన ప్రశ్నలను బుడితి పాత్రల యెదుట నిలుచుండి అడుగువాడే డిజైను పరిశోధకుడు.

అట్లని మంచి చెంబు చేసిన ప్రతివానికిని డాక్టరేటు రాదు. చేసినది ఎందువలన మంచిదయ్యెనో సాక్ష్యములతో నిరూపించి, ఆ జ్ఞానమును ఇతరులు పరీక్షించుటకును, వాడుకొనుటకును వీలగునట్లు వ్రాసి చూపినపుడే అది పరిశోధన యగును. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో వ్రాసిన యొక వ్యాసమున కళను, డిజైనును గూర్చిన పరిశోధన, వానిద్వారా జరుగు పరిశోధన, వానికొరకు చేయు పరిశోధన అని మూడు తెరగులుగా విభజించెను. ఆ విభజనపై వాదములు నేటికిని సాగుచున్నవి. ఉదాహరణమునకు పొందూరు ఖద్దరును తీసికొందము. అచ్చట పత్తిని వాలుగ చేప దవడయెముకతో దువ్వి శుభ్రపరచి, చేతితో నూరవ నెంబరు వరకు సన్నని నూలు వడకుదురు. ఆ పరిశ్రమ చరిత్రను వ్రాసినచో అది మొదటి తెరగు. దవడయెముకకు బదులు మరియొక పనిముట్టును రూపొందించి, వడకు స్త్రీల చేతికిచ్చి, ఏది యెందుకు ఓడెనో నెలల తరబడి గమనించి వ్రాసినచో అది రెండవది. నా మట్టుకు రెండవదియే ఎక్కువ కష్టతరము, ఎక్కువ ఫలవంతమునని తోచుచున్నది.

బొమ్మ గీయుట రానివారికి ఇందు ప్రవేశము లేదనుట మరియొక భ్రమ. చిత్రలేఖనమును పరీక్షించు సీడ్ ప్రధానముగా డిజైనులో మాస్టర్సు చదువుకొరకు నడుపబడు పరీక్ష. డాక్టరేటు ప్రవేశమున దానిని లెక్కించు సంస్థలు కలవు. గేట్, నెట్ అర్హతలను గాని, తమ సొంత వ్రాతపరీక్షను, ఇంటర్వ్యూను గాని ఆధారముగా గొనునవియు కలవు. ఇంజనీర్లు, వాస్తుశిల్పులు, మనస్తత్వశాస్త్రము చదివినవారు ఈ రంగమునకు వచ్చుట వింత గాదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారము మాస్టర్సు అర్హతతో వచ్చువారికి అందు 55 శాతము మార్కులుండవలెను. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతము సడలింపు కలదు. అంతకుమించిన షరతులు ఏ సంస్థవి ఆ సంస్థవే. కనుక ప్రకటనను కడవరకు చదువక మానరాదు.

ఇక ధనము మాట. "అది కలవారి చదువు" అను వాక్యము మా ప్రాంతమున ఎందరి ఆశలను తుంచినదో చెప్పజాలను. నిజమేమనగా, నెట్ ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, అటుపిమ్మట సీనియర్ ఫెలోషిప్ క్రింద 42,000 రూపాయలు, వానికి తోడు నిబంధనల మేరకు ఇంటిఅద్దె భత్యము లభించుచున్నవి. ఐఐటీల వంటి కేంద్రసంస్థలు పూర్తికాల పరిశోధకులకు ఇచ్చు సహాయవేతనమును ఇదే స్థాయిది. దానికి ప్రతిగా వారమునకు కొన్ని గంటలు బోధనలో తోడ్పడవలెను. అయితే ప్రవేశము దొరికినంతనే వేతనము దానంతటదియే వచ్చునని యెంచరాదు. ఉద్యోగము చేయుచు పార్టుటైముగా చదువుటకు 2022 నిబంధనలు అనుమతించుచున్నను, అట్టివారికి సాధారణముగా ఈ వేతనముండదు.

విదేశములకు పోదలచినవారు చిక్కుకొను ఉచ్చును ఇదియే. విశ్వవిద్యాలయము సీటిచ్చుట యొక నిర్ణయము, ధనమిచ్చుట మరియొక నిర్ణయము. ధనపు దరఖాస్తు గడువు పెక్కుమార్లు ముందుగానే ముగియును. స్వీడన్, నార్వేలలో డాక్టరేటు విద్యార్థి సాధారణముగా జీతము గొను ఉద్యోగి. అచ్చట ఖాళీ ప్రకటన వెలువడినపుడే దరఖాస్తు పెట్టవలెను. మన కేంద్రప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 125 స్థానములలో 115 ఎస్సీ విద్యార్థులకును, 6 విముక్త, సంచార జాతులవారికిని, 4 భూమిలేని వ్యవసాయకూలీల, సంప్రదాయ వృత్తికారుల బిడ్డలకును కేటాయింపబడినవి. కుటుంబ వార్షికాదాయము ఎనిమిది లక్షలు మించరాదు. కాని 2022-23 మార్గదర్శకములు భారతీయ సంస్కృతి, వారసత్వము, చరిత్రలకు సంబంధించిన అంశములను ఈ పథకమునుండి తొలగించినవి. కంచరి యింటి బిడ్డకు సముద్రము దాటుటకు వేతనమిచ్చి, తాత వృత్తి వారసత్వమును మాత్రము ముట్టవద్దనుట ఎంతటి చమత్కారము! అట్టి అభ్యర్థి తన అంశమును వారసత్వముగా గాక పదార్థముగా, పనిముట్టుగా, వాడుకరి శరీరశ్రమగా నిలుపదగునేమో ముందుగానే విచారించుకొనవలెను.

పరిశోధనాంశమును ప్రొఫెసరే ఇచ్చుననుకొని చేతులు కట్టుకొని కూర్చుండుట గూడ పొరపాటే. ప్రయోగశాలా శాస్త్రములలో అట్లు జరుగవచ్చును గాని, డిజైనులో అభ్యర్థి వ్రాసిన ప్రతిపాదనయే పెక్కుచోట్ల తొలి జల్లెడ. ప్రశ్న యేమి, అది యెవరికి అవసరము, ఎవరిని, ఎచ్చట, ఎట్లు పరిశీలింతువు, ఇంతకుముందు ఎవరేమి చెప్పిరి అను సంగతులు అందు స్పష్టముగా నుండవలెను.

వయసు మీరినదనియు, పెండ్లియైనదనియు వెనుదీయువారికి ఒక్కమాట: చదువునకు కనీసము మూడేండ్లు, సాధారణముగా గరిష్ఠము ఆరేండ్లు కాగా, స్త్రీలకు మరి రెండేండ్ల సడలింపును, 240 దినముల వరకు ప్రసూతి సెలవును నిబంధనలలోనే కలవు. డాక్టరేటు లేనిదే అధ్యాపకత్వము రాదనుటయు నేడు నిజము గాదు. 2023 జూలైనుండి యూజీసీ సహాయాచార్య నియామకమునకు నెట్ లేదా సెట్ ఉత్తీర్ణతనే కనీసార్హతగా చేసినది. కనుక ఉద్యోగమే లక్ష్యమైనవారు ఈ భారమును తలకెత్తుకొననక్కరలేదు; ప్రశ్న నిద్రపట్టనీయనివారే ఎత్తుకొనవలెను.

అట్టివారు మన జిల్లాలో కలరు. మన రాష్ట్రమునందే 2015 నుండి మరియొక జాతీయ డిజైను సంస్థ నడచుచున్నది. హైదరాబాదు ఐఐటీలో డిజైను విభాగమున్నది. నెట్ సాధారణముగా జూన్, డిసెంబరులలోను, సీడ్ జనవరిలోను జరుగును. ప్రకటన వెలువడిన పిదప ప్రశ్నను వెదకుట వృథా ప్రయాస. ఈలోపుననే బుడితికో పొందూరికో పోయి, పనివారి యెదుట కూర్చుండి, చూచినదానిని రెండు పుటలుగా వ్రాసి సిద్ధపరచుకొనుడు.