తానూ పాడారు, పదిమంది చేతా పాడించారు!

ఎన్.టి. రామారావు గారి మొదటి సినిమా ఏదని అడిగితే, మీ ఇంట్లో పిల్లలు కూడా 'మనదేశం' అని టక్కున చెప్పేస్తారు. మరి ఆ సినిమా తీసిందెవరో అడిగి చూడండి, పెద్దవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. తీసింది ఒక ఆడమనిషండీ! మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా పంగిడిలో పుట్టిన నటి, గాయని సి. కృష్ణవేణి గారు.

పాట వస్తేనే వేషం

ఆవిడ పుట్టింది 1924 డిసెంబర్ 24న. తండ్రిగారు వైద్యులు. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టారు. కాకినాడ దర్శకులు సి. పుల్లయ్య గారు 1936లో అంతా పిల్లలతోనే 'సతీ అనసూయ' తీస్తూ అనసూయ వేషం ఈవిడకిచ్చారు. అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. షూటింగేమో కలకత్తాలో!

ఆ రోజుల్లో ఒకరు పాడితే ఇంకొకరు పెదవులు కదపడం లేదు. కెమెరా తిరుగుతుంటే నటిస్తూనే పాడాలి. హార్మోనియం, తబలా వాళ్ళు తెరమీద కనపడకుండా పక్కన కూర్చుని వాయించేవారు. పాట తప్పితే సీనంతా మళ్ళీ మొదలు. అందం ఒక్కటే ఉంటే సరిపోయేది కాదన్నమాట. అలాంటి కాలంలో అడుగుపెట్టి 'కచదేవయాని' (1938), 'జీవనజ్యోతి' (1940), 'దక్షయజ్ఞం' (1941), 'భీష్మ' (1944) లాంటి సినిమాల్లో ఆవిడ నెగ్గుకొచ్చారు.

పెళ్ళయ్యాక...

మీర్జాపురం రాజావారితో పెళ్ళయింది. రాజావారికి మద్రాసులో శోభనాచల స్టూడియో ఉండేది. పెళ్ళి తర్వాత ఆవిడ సొంత సంస్థల సినిమాల్లోనే నటించారు. ఇక రాణీగారిలా కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు కదా! కూర్చోలేదు. సినిమా తీయడమూ నేర్చుకున్నారు.

1947లో వచ్చిన 'గొల్లభామ'లో కృష్ణవేణి గారు నాయిక. మోహినిగా మన పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి గారు. ఆ వేషంతోనే అంజలి గారికి గుర్తింపు వచ్చింది. 1949లో రాజావారు 'కీలుగుర్రం' తీసినప్పుడు అంజలి గారికి కృష్ణవేణి గారు గొంతు అరువిచ్చారు. మరుసటేడే, 1950లో, ఒకే కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి. 'లక్ష్మమ్మ'లో కృష్ణవేణి గారు, 'శ్రీ లక్ష్మమ్మ కథ'లో అంజలి గారు! పాట సాయం పాటదే, పోటీ పోటీదే. ఇద్దరూ గోదారి పిల్లలే మరి.

అమ్మాయి పేరుమీద సంస్థ

కూతురు పేరుతో పెట్టిన ఎం.ఆర్.ఏ. ప్రొడక్షన్స్ మీద 1949లో 'మనదేశం' తీశారు. బెంగాలీ రచయిత శరత్‌బాబు నవల 'విప్రదాస్' దానికి ఆధారం. దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారు, ఏలూరు దగ్గర సోమవరప్పాడు వారు. నాయిక తానే. నాయకుడు సి.హెచ్. నారాయణరావు గారు. రామారావు గారిది చిన్న పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం. సంగీతం ఘంటసాల గారు. అప్పటికి ఆయనా కొత్తే. పి. లీల గారు తెలుగులో పాడింది మొదట ఈ సినిమాలోనే. 1957లో 'దాంపత్యం' తీసినప్పుడు సంగీత దర్శకులు రమేష్ నాయుడు గారిని తెలుగుకు తెచ్చింది కూడా ఈవిడే.

పేరులేని కొత్తవాళ్ళమీద సొంత డబ్బు పెట్టడం ఎంత గుండె ధైర్యమో ఆలోచించండి. సినిమా ఆడకపోతే మునిగేది నిర్మాతే కదా!

ప్రభుత్వం ఆవిడకి 2004 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. కుమార్తె అనురాధాదేవి గారు కూడా నిర్మాత అయ్యారు. 'మనదేశం' వచ్చి 75 ఏళ్ళయిన సందర్భంగా 2024 డిసెంబర్‌లో, నూరేళ్ళు నిండడానికి కొద్దిరోజుల ముందు, విజయవాడలో ఆవిడని సన్మానించారు. 2025 ఫిబ్రవరి 16న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

అయినా ఇప్పటికీ ఆవిడ పేరు చెప్పాలంటే "రామారావు గారికి మొదటి వేషం ఇచ్చినావిడ" అనే అంటారు. అది నిజమే, గొప్పే. కానీ అంతేనా? కమ్మగా పాడిన గొంతు, కథ ఎంచుకున్న తెలివి, లెక్కలు చూసుకున్న ఓర్పు ఇవన్నీ ఏమైనట్టు? వడ్డించిన వాళ్ళని మెచ్చుకుని వండిన చేతిని మరిచిపోతే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా! ఈసారి 'కీలుగుర్రం' పాటలు వినిపిస్తే, ఆ గొంతు ఎవరిదో మీ అమ్మాయికి చెప్పండి.