కుంగిన ఇల్లు కొనేముందు

కంప్లిలో మేం బేరమాడిన ఇంట్లో, కిటికీ మూలనుంచి పైకప్పుదాకా మెట్లు మెట్లుగా పగులు. కొత్తగా సున్నం కొట్టినా నా చిటికెనవేలి గోరు అందులో దిగింది. "ఎప్పుడో కుంగిందిలేన్నా, ఇప్పుడేం కాదు" అన్నాడు యజమాని.

ఆ ఇంటి కింద నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పునాది లోతు తక్కువైతే దాంతోపాటే లేచి దిగుతుంది. యజమానిని అడిగి ఎండాకాలంలో పగులుకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించాను. వానలు పడ్డాక అది విరిగింది. అంటే కదలిక ఆగలేదు.

ఇలాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున గడ్డలా ఉబ్బిన పైల్ పునాదిని అభివృద్ధి చేసింది. తేమ పెద్దగా మారని పొరకు, దాదాపు 3.5 మీటర్ల లోతుకు దించుతారు. కట్టేసిన ఇంటికి అది మహాఖర్చు. కాబట్టి గోడవార నీళ్లు నిలుస్తున్నాయా, పైపు కారుతోందా, పెద్దచెట్టు ఆనుకుని ఉందా చూడండి.

మేం అడ్వాన్సు ఇవ్వలేదు.