చారడేసి కళ్ళు – ఒక అక్షర దోషం

"సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అన్నారు పెద్దలు. ఆ నయనం తల్లి కడుపులో తయారయ్యే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిండానికి నాలుగో వారంలో, మెదడు కాబోయే భాగానికి రెండు ప్రక్కలా చిన్న బుడగలు పొడుచుకువస్తాయి. అవి పైచర్మాన్ని తాకి, లోపలికి సొట్టపడి గిన్నెల్లా మారుతాయి. తాకిన చోట చర్మం లోపలికి ముడుచుకొని కటకమవుతుంది. గిన్నె అడుగున ఒక చీలిక ఉంటుంది. అది ఏడో వారానికల్లా మూసుకోవాలి. మూసుకోకపోతే బిడ్డ కంటిలో సందు మిగిలిపోతుంది. జువాలజీలో కోడి పిండం బొమ్మలు గీసిన వాళ్ళకి ఇదంతా తెలిసిన కథే.

తెలియని కథ ఏమిటంటే, ఈ పనులన్నింటికీ ఆజ్ఞలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది. ఆ ఆజ్ఞలు మన జీన్స్‌లో నాలుగే నాలుగు అక్షరాలతో, సుమారు 300 కోట్ల అక్షరాల పొడవున వ్రాసి ఉన్నాయి. ఈ గ్రంథాన్ని చాలావరకు చదివి ముగించామని 2003లో ప్రకటించారు. అయితే చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు గదా! అంత రాతను మనిషి కళ్ళతో వెదకలేడు. కంప్యూటరు చేత వెదికించి, పోల్చించి, లెక్కలు కట్టించే శాస్త్రమే బయోఇన్ఫర్మాటిక్స్. ఎలుకకీ మనిషికీ కన్ను కట్టించే పాక్స్‌6 అనే జీన్ ఇచ్చే ప్రోటీన్ 422 అమైనో ఆమ్లాలలో ఒక్కటీ తేడా లేకుండా ఒకటేనని తెలిసింది ఇలాంటి పోలిక వల్లనే.

మన తెలుగునాట జరిగిన ఒక పరిశోధన చెబుతాను. దానికి ముందు కంటిలోని నీటి సంగతి తెలియాలి. కంటి ముందు గదిలో ఎప్పుడూ ఒక పలచని ద్రవం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. చెరువుకి మదుము ఎలాంటిదో కంటికి ఆ జల్లెడ అలాంటిది. పిండదశలో అది సరిగా ఏర్పడకపోతే నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. మదుము పూడిపోతే గట్టు మీద బరువు పడినట్లే, ఇక్కడ ఆ బరువు వెనుకనున్న దృష్టి నరం మీద పడుతుంది. ఇదే పుట్టుకతో వచ్చే గ్లకోమా. పసిబిడ్డ కంటిగోడ మెత్తనిది కనుక ఒత్తిడికి సాగి గుడ్డు పెద్దదవుతుంది. "చారడేసి కళ్ళమ్మా, ఎంత లక్షణంగా ఉన్నాయో!" అని చుట్టాలు మురిసిపోతుంటే లోపల నరం ఎండిపోతూ ఉంటుంది. దిష్టి తీయడం తప్ప మరో ఆలోచన ఎవరికి వస్తుంది?

పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు సుమారు 10,000 జననాలకి ఒకరికి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకే ఒకరికి వస్తున్నదని లెక్క తేలింది. దీనికి కారణమైన జీన్లలో ముఖ్యమైనది సి.వై.పి.1బి1. అది రెండవ క్రోమోజోము మీద ఉంది. దాని దోషానికీ ఈ జబ్బుకీ గల సంబంధాన్ని 1997లో కనుగొన్నారు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డి.బాలసుబ్రమణియన్, సుభబ్రత చక్రబర్తి మొదలైనవారు మన కుటుంబాల రక్త నమూనాలను పరీక్షించారు. మన దేశపు రోగుల్లో ఎక్కువగా కనిపించిన దోషం ఇది: జీన్‌లో 'జి' ఉండవలసిన చోట 'ఎ' పడింది. దానివల్ల 543 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 368వ స్థానంలో ఆర్జినీన్‌కి బదులు హిస్టిడీన్ వచ్చి కూర్చుంది. అంతే, ఒక్క అక్షరం!

అంత పెద్ద ప్రోటీన్‌లో ఒక్కటి మారితే ఏమిటట? ఈ ప్రశ్నకి జవాబు వెదికింది కంప్యూటరే. అప్పటికి ఆ ప్రోటీన్ రూపాన్ని ఎవరూ చూడలేదు. ఎక్స్‌రేలతో దాని ఆకారం తేలింది 2011లో. అయితే దాని దాయాది ప్రోటీన్ల ఆకారాలు తెలుసు. అన్నదమ్ముల పోలికను బట్టి చూడని తమ్ముణ్ణి ఊహించినట్లు, హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో హెచ్.ఎ.నాగరాజారం బృందం దీని ఆకారాన్ని కంప్యూటరులో కట్టింది. తర్వాత మంచి ప్రోటీన్‌నీ, దోషమున్న ప్రోటీన్లనీ ప్రక్కప్రక్కన పెట్టి, పరమాణువులు ఎలా కదులుతాయో లెక్క కట్టించారు. ఇనుమున్న హీమ్ కూర్చునే చోట, పని జరగవలసిన పదార్థం వచ్చి అతికే చోట, దోషమున్న వాటి అమరిక చెడినట్లు కనిపించింది. ఈ పని 2006లో ప్రచురితమైంది. ఇలాంటి పరిశోధన మీద పిహెచ్.డి. చేయడానికి అమెరికా పోనక్కరలేదని మన మిత్రులు గమనించాలి.

ఇక మేనరికం మాట. ఈ దోషం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు ప్రతులూ వస్తేనే జబ్బు. ఒక్క ప్రతి ఉన్న తల్లిదండ్రులకి ఏ లక్షణమూ ఉండదు. అలాంటి ఇద్దరు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనబావా మరదళ్ళ జీన్స్‌లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడివి. మేనమామను చేసుకుంటే నాలుగో వంతు. పొలం బయటికి పోకూడదని పిల్లనిచ్చే ఇళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు? పొలంతో పాటు ఆ అక్షరం కూడా ఇంట్లోనే ఉండిపోతుందన్నది ఎవరూ లెక్కవేయరు. బిడ్డకి జబ్బు వస్తే మాత్రం కోడలి జాతకాన్ని తిడతారు. సగం ప్రతి కొడుకుది కూడానని వాళ్ళకి ఎవరు చెప్పాలి?

కంప్యూటరు మందు ఇవ్వలేదు, నిజమే. కాని ఇంట్లో ఒక బిడ్డకి జబ్బు ఉందని తేలి, అక్షరం ఏదో తెలిస్తే, తర్వాతి కాన్పు విషయంలో రక్త పరీక్షతో సలహా చెప్పడానికి వీలవుతుంది. బిడ్డకి కావలసినది శస్త్రచికిత్స. మూసుకున్న దారిని తెరవడం, అదీ తొలి నెలల్లోనే. పోయిన నరం తిరిగి రాదు. పసివాడి కళ్ళు మరీ పెద్దవిగా ఉండి, ఎప్పుడూ నీరు కారుతూ, వెలుతురుకి మూసుకుంటూ, నల్లగుడ్డు మీద పొగమంచులా కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. ఎల్.వి.ప్రసాద్ సంస్థ 2006 నుంచి విశాఖలో హనుమంతవాక దగ్గరే ఉంది. చోడవరంలో ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నం లోపల చూపించుకోవచ్చు.