ఎంచే రంగు ఎవరిది?

తణుకులో నరసాపురం వెళ్లే ప్యాసింజరు ఎక్కితే అత్తిలి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు దాటించి వశిష్ఠ గోదావరి ఒడ్డున దింపుతుంది. దారి పొడుగునా వరిచేలు, కాలువలు, చేపల చెరువులు. ఈ ఉక్కపోతలో ఉన్ని స్వెటరు అల్లుకునే అవసరం ఎవరికి ఉంటుంది? అందుకే ఇక్కడి అల్లికంతా నూలుదారం మీదే. కొనకు కొక్కెం ఉన్న చిన్న సూది, ఒక దారపుండ, మధ్యాహ్నం వంటింటి పని ముగిశాక అరుగు మీద కాస్త వెలుతురు. పశ్చిమ గోదావరి, కోనసీమ పల్లెల్లో ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతున్నది ఈ కాస్త సరంజామాతోనే.

పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల వెంట ఈ పని డెల్టాకు వచ్చింది. తర్వాత వ్యాపారులు అందుకుని విదేశాలకు ఎగుమతి చేశారు. బల్లగుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, పళ్లెం కింద వేసే గుండ్రటి లేసులు ఓడలెక్కాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దక్కాల్సిన గౌరవమే అది, ఆలస్యంగా దక్కింది.

పాత లేసంతా తెలుపు, లేత మీగడ రంగు. విదేశీ భోజనాల బల్లకు నప్పేవి అవే. పైగా లేసు అందం దారంలో ఎంత ఉందో, దారాల మధ్య విడిచిన ఖాళీలో అంతే ఉంది. ముదురు కర్ర బల్ల మీద తెల్ల లేసు పరిస్తే ప్రతి రేకూ విడివిడిగా కనిపిస్తుంది. అదే ముదురు నీలం దారంతో అల్లితే పువ్వు బల్లలో కలిసిపోతుంది, అంత పనీ కంటికి ఆనదు. కాబట్టి రంగు ఎంచేవారు ముందు దారాన్ని కాదు, లేసు కిందికి వచ్చేదేమిటో చూడాలి. రెండోది, దారాన్ని పగటి వెలుగులోనే చూసుకోవాలి. దుకాణం దీపాల కింద మీగడ రంగుగా కనిపించినది ఇంటికొచ్చాక పసుపు తేలవచ్చు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఒక పనికి కావలసిన దారమంతా ఒకే విడత కొనాలి. ఒకే నంబరు రంగైనా అద్దకం విడత మారితే ఛాయ మారుతుంది. సగం అల్లాక దారం అయిపోతే, తర్వాత తెచ్చిన ఉండ ఆ పెద్ద గుడ్డలో మచ్చలా తేలుతుంది. తెలుపు పక్కన ఎరుపు పెట్టాలనుకుంటే ముందే చిన్న ముక్క అల్లి ఉతికి చూడాలి. రంగు దిగిందంటే నెలల శ్రమ ఒక్క ఉతుకుతో పోయినట్టే.

ఇంత తెలిసిన ఆడవాళ్లకు రంగు ఎంచే అవకాశం ఎప్పుడో గానీ రాదు. దారం ఏజెంటు తెస్తాడు, నమూనా అతడే చూపిస్తాడు, రంగు ఆర్డరులో ముందే రాసి ఉంటుంది. పైగా పని ముక్కలైంది. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. మరో ఊళ్లో మరొకరు ఆ పువ్వులన్నీ కలుపుతారు, అది అతుకుపని. తర్వాత ఉతుకు, గంజి, ఇస్త్రీ. వందల పువ్వులు అల్లిన మనిషి ఆ బల్లగుడ్డను పూర్తిగా పరిచి చూడకుండానే అది ఊరు దాటిపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ పల్లెల్లో పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీ కాక రోజంతా లేసు అల్లినా వాళ్లకు దక్కేది రూపాయి కూడా ఉండేది కాదని ఆమె చూపించారు. ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరే ఆ కూలిని అంత తక్కువగా ఉంచిందన్నది ఆమె వాదన. ఇన్నేళ్ల తర్వాత చదివినా అందులో ప్రతి పేజీ మన జిల్లా గురించేనని గుర్తుకొస్తుంది. యంత్రపు లేసు చవగ్గా రావడంతో చేతి అల్లిక ధర ఇంకా బిగుసుకుపోయింది.

మరో పద్ధతి సాధ్యమేనని చెన్నైలో చూశాం. 2016 జనవరిలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' బృందం పిలుపుతో వెయ్యికి పైగా మంది ఎవరి ఇళ్లలో వాళ్లు ముక్కలు అల్లారు. వాటిని కలిపి 11,148 చదరపు మీటర్ల రంగురంగుల దుప్పటిగా పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. అల్లినవాళ్లు అక్కడే నిలబడి తమ ముక్క ఎక్కడుందో వెతుక్కోగలిగారు. అక్కడ అతుకుపని జరిగింది కూడా అల్లినవాళ్ల కళ్లెదుటే.

నరసాపురం దగ్గర అలంకృతి లేసు పార్కు ఉంది, ఇప్పుడు భౌగోళిక గుర్తింపూ ఉంది. ఇక కావలసింది, పూర్తయిన లేసులన్నీ పరిచి పెట్టే రోజు. ఏటా ఒక్కసారైనా పువ్వులు అల్లినవాళ్లనూ, అతికినవాళ్లనూ ఒక చోటికి పిలవాలి. ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో ముందు వాళ్లనే అడగాలి. ఆ మాటను తర్వాతి ఆర్డరుకు చేర్చాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

తణుకులోనో భీమవరంలోనో పండక్కి లేసు గలీబులు కొనబోయే పాఠకులకు నా విన్నపం ఒకటే. బేరం మొదలుపెట్టే ముందు, ఇది ఏ ఊళ్లో, ఎవరి చేతుల మీదుగా తయారైందో దుకాణంవాళ్లను అడగండి.