సైబీరియా పక్షులు కావు.. మన పక్షులే! తేలినీలాపురం వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

విజయనగరం: చలికాలం మొదలైందంటే చాలు, ఉత్తరాంధ్రలో ఒక వార్త ప్రతి ఏడూ వస్తుంది. ‘వేల కిలోమీటర్లు దాటి సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు’ అని. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆదివారం పిల్లల్ని తీసుకుని ఒకసారి చూసొద్దామని విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ నుంచి జనం బయలుదేరతారు. వెళ్లడం మంచిదే. కానీ అక్కడ చూసేది ఏ పక్షుల్నో, అవి ఎవరి ఖర్చు మీద బతుకుతున్నాయో తెలుసుకుని వెళ్తే ఇంకా మంచిది.

ఎక్కడ, ఎప్పుడు?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో ఉంది తేలినీలాపురం. ఊళ్లోని చింత లాంటి పెద్ద చెట్ల మీద పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్క్‌లు (ఎర్రకాళ్ల కొంగలు) గూళ్లు కడతాయి. సుమారుగా సెప్టెంబరులో రావడం మొదలుపెట్టి, పిల్లలు ఎగరడం నేర్చుకున్నాక మార్చి నాటికి వెళ్లిపోతాయి.

ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అనే మరో ఊరుంది. అక్కడికి వచ్చేవి ఓపెన్‌బిల్ కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పొలాల్లో, చెరువుల్లో నత్తల్ని పట్టి తింటాయి కాబట్టి వీటిని నత్తగుల్ల కొంగలని కూడా అంటారు. ఇవి తొలకరితో వస్తాయి. అందుకే పక్షులు వస్తే వానలు బాగా పడతాయని అక్కడి రైతుల నమ్మకం. రెండు ఊళ్లలోనూ వీటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు.

సైబీరియా మాట ఎంతవరకు నిజం?

ఈ మూడు రకాల పక్షుల విషయంలో అది నిజం కాదు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. మిగతా రెండూ అంతే. సైబీరియాలో ఇవి ఉండవు. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మన దేశంలోనే, చుట్టుపక్కల దేశాల్లోనే తిరుగుతుంటాయి.

మరి ఆ మాట ఎలా వచ్చింది? చలికాలంలో ఉత్తరాది చలి దేశాల నుంచి నిజంగానే కొన్ని రకాల బాతులు, చిన్న నీటి పక్షులు మన తీరానికి, చిలికా సరస్సుకి వస్తాయి. అదే కాలంలో తేలినీలాపురం చెట్లు కూడా నిండుతాయి. జనం రెండింటినీ కలిపేశారు.

తేడా గుర్తుపట్టడం తేలికే. చలి దేశాల నుంచి వచ్చేవి ఇక్కడ తిని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. గుడ్లు పెట్టేది అక్కడే. తేలినీలాపురం పక్షులు గుడ్లు పెట్టేదే ఇక్కడ. పొదగడానికే దాదాపు నెల పడుతుంది. గూడబాతు పిల్లలు గూటి దగ్గర ఇంకో మూడు నుంచి ఐదు నెలలు ఉంటాయి. అంటే ఇవి అతిథులు కావు, ఈ ఊరే వాటి పుట్టిల్లు. వలస పక్షైతే ఇక్కడ చెరువు పోయినా సొంత గూడు వేరే దేశంలో ఉంటుంది. వీటికి అలా కాదు. ఇక్కడి చెట్టు, ఇక్కడి నీళ్లు పాడైతే వాటి తర్వాతి తరమే ఉండదు.

పేరుకి శాంక్చురీ.. చట్టంలో?

అందరూ దీన్ని ‘బర్డ్ శాంక్చురీ’ అనే అంటారు. అటవీ శాఖ ఇక్కడ వాచ్‌టవర్ కట్టింది. కానీ కొల్లేరు, పులికాట్, నేలపట్టు, కోరింగ లాగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన అభయారణ్యాల జాబితాలో తేలినీలాపురం లేదు, తేలుకుంచి కూడా లేదు. విజయనగరం వాళ్లకి దగ్గర్లో ఉన్న అసలు అభయారణ్యం విశాఖ పక్కనున్న కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉన్న ఆ 70 చదరపు కిలోమీటర్ల అడవి 1970లో అటవీ శాఖ చేతికి వచ్చింది.

ఈ తేడా కాగితాల వరకే కాదు. అభయారణ్యానికి హద్దులు, సిబ్బంది, ప్రవేశ రుసుము ఉంటాయి. తేలినీలాపురంలో పక్షులు ఇళ్ల మధ్య చెట్ల మీద ఉంటాయి. వేటాడితే చట్టప్రకారం నేరమే. కానీ ఆ చెట్టు కొమ్మ, పక్కనున్న చెరువు, దూరంగా ఉన్న చిత్తడి నేల ఏమైనా అడిగేందుకు ఆ హద్దు లేదు.

ఖర్చు ఒకరిది, సరదా ఇంకొకరిది

లెక్క వేసి చూస్తే విషయం అర్థమవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు పెట్రోలుకి ఖర్చు పెడతారు, హైవే మీద హోటల్లో భోంచేస్తారు. ఆ డబ్బులో ఊరికి చేరేది చాలా తక్కువ. చెట్టు ఎవరి పెరట్లో ఉందో వాళ్లకి మిగిలేది రెట్టలు, కిందపడి కుళ్లిన చేపల వాసన, చెట్టు మీద పోయిన చింతపండు. ఇంతా భరించి నెలల తరబడి కాపలా కాసేది వాళ్లే.

ఇవే గూడబాతులు, ఇవే ఎర్రకాళ్ల కొంగలు కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులోనూ ఇళ్ల మధ్యే గూళ్లు కడతాయి. అక్కడ పక్షులున్న చింతచెట్ల యజమానులకి అటవీ శాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. రెట్టల్ని ఊరివాళ్లు పొలాలకి ఎరువుగా వాడుకున్నారు. 2007లో దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. 2002లో చట్టానికి చేసిన సవరణతో వచ్చిన ఏర్పాటు ఇది. భూమి సొంతదారుల దగ్గరే ఉంటుంది, పంచాయతీ ప్రతినిధులు ఉండే కమిటీ నిర్వహణ చూస్తుంది. ఊరిని ఖాళీ చేయించనక్కర్లేదు. తేలినీలాపురం లాంటి ఊరికి సరిగ్గా సరిపోయే దారి ఇది.

గూడు ఊళ్లో, తిండి బీలలో

ఒక్క చెట్లని కాపాడితే సరిపోదు. ఈ పక్షులు చేపల కోసం నౌపడ చిత్తడి నేలలకి, చుట్టుపక్కల చెరువులకి వెళ్తాయి. మన దగ్గర ఈ నేలల్ని బీల అంటారు. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని 2010లో, కాకరాపల్లి దగ్గర 2011లో జనం పోరాడారు. రెండు చోట్లా కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వాళ్లు పోరాడింది చేపలు, సాగునీరు, బతుకుతెరువు కోసం. పక్షులు బతికేదీ ఆ నీళ్ల మీదే.

2021 డిసెంబరు చివర్లో, 2022 జనవరిలో తేలినీలాపురంలో నూటికి పైగా గూడబాతులు చనిపోయాయి. ఎవరూ వేటాడలేదు, చెట్లూ నరకలేదు. పరీక్షల్లో తేలింది నెమటోడ్ అనే పురుగు. అది చేపల ద్వారా పక్షి కడుపులోకి చేరుతుంది. చెట్టు దగ్గర ఎంత కాపలా ఉన్నా, తినే చేప బాగోకపోతే పక్షి దక్కదని ఆ నెలలో ఊరంతా కళ్లారా చూసింది.

వెళ్లేవాళ్లకి

విజయనగరం నుంచి పలాస వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కి నౌపడ జంక్షన్‌లో దిగితే ఊరు దగ్గరే, ఆటోలో వెళ్లిపోవచ్చు. డిసెంబరు, జనవరిలో గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లడం మంచిది.

చెట్ల కిందకి పోవద్దు, వాచ్‌టవర్ నుంచే చూడండి. చప్పట్లు, హారన్లు, టపాసులు, డ్రోన్లు వద్దే వద్దు. భయపడి తల్లి ఎగిరిపోతే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, కూనలు ఎండకి చచ్చిపోతాయి. ఒక్క మంచి ఫొటో కోసం రాయి విసిరేవాళ్లు కనిపిస్తే ఆపండి. టీ, టిఫిన్ ఏదైనా ఊళ్లోనే కొనండి. ప్లాస్టిక్ మాత్రం తిరిగి తెచ్చేయండి. ఎవరి పెరటి ముందైనా నిలబడి చూస్తుంటే ఆ ఇంటివాళ్లని అడిగి నిలబడండి. ఈ పక్షుల్ని ఇన్నేళ్లుగా కాపాడుతున్నది వాళ్లే.