ఆరు అక్షరాల ఎక్సాన్ ఎందుకు దొరకదు?

ఈ రోజు చాలా చిన్న విషయం మాట్లాడుకుందాం. ఎంత చిన్నదంటే, ఆరంటే ఆరు అక్షరాలు!

మనలో లాగే ఫంగస్‌లో, అంటే శిలీంధ్రాల్లో కూడా, జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రోటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలు ఎక్సాన్లు. మధ్యలో ఉండి, కణం కత్తిరించి తీసేసేవి ఇంట్రాన్లు. బ్రెడ్డులో వాడే ఈస్ట్‌లో సుమారు 6,000 జన్యువులుంటే, ఇంట్రాన్లు ఉన్నవి 300 దాకానే. అదే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్‌ని తీసుకోండి. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ప్రాణాంతకమైన మెదడు పొరల వాపు తెచ్చే ఫంగస్ ఇది. 2005లో దీని జీనోమ్ బయటికొచ్చినప్పుడు, ఒక్కో జన్యువులో సగటున ఐదుకి పైగా ఇంట్రాన్లు ఉన్నాయని తేలింది. ఇంట్రాన్లు ఇంత ఎక్కువున్న ఫంగస్‌లలో మరీ బుల్లి ఎక్సాన్లు కూడా కనిపిస్తాయి. వీటినే మైక్రో ఎక్సాన్లు అంటారు.

మరి కనిపెట్టడం ఎందుకు కష్టం? లెక్క చూడండి. డీఎన్ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు. కాబట్టి ఏదైనా ఒక ఆరక్షరాల వరుస, ప్రతి 4,096 చోట్లలో ఒకసారి ఊరికే తగులుతుంది. ఈ జీనోమ్ దాదాపు 1.9 కోట్ల అక్షరాలు. అంటే 4,600 చోట్ల అదే వరుస! అసలుది ఏదో తేలక, సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి దాన్ని వదిలేస్తుంది.

వదిలేస్తే ఏమవుతుంది? ప్రోటీన్ కోసం కణం మూడేసి అక్షరాలు చదువుతుంది. "కమల అరటి తినెను" అనుకోండి. అందులో "అ" తీసేసి మళ్లీ మూడేసి చదవండి: "కమల రటితి నెను". అర్థం పోయింది కదా! ఆరు అక్షరాలు పోతే రెండు అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. నాలుగో ఐదో పోతే, అక్కణ్నుంచి ప్రోటీన్ అంతా తప్పే.

చదువుకునే రోజుల్లో నేనూ డేటాబేస్‌లో ఉంది కదా, కరెక్టే అనుకుని ఒక ఫంగస్ ప్రోటీన్ తీసుకున్నా. దగ్గరి జాతుల ప్రోటీన్లతో పోల్చితే, మధ్యలో చిన్న ముక్క లేదు! వారాల పని మళ్లీ మొదటికొచ్చింది. మందు తయారుచేసేవాళ్లకి ఇలా జరిగితే నష్టం ఇంకెంతో ఊహించండి.

దారి లేదా అంటే, ఉంది. ఇంట్రాన్ సాధారణంగా జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుంది. కాబట్టి మన ఆరక్షరాలకి ముందు ఏజీ, వెనక జీటీ ఉండాలి. మొత్తం పది అక్షరాలు. ఇవి దాదాపు 10 లక్షల చోట్లలో ఒకసారే కలుస్తాయి. పైగా జీనోమ్ అంతా వెతకక్కర్లేదు, రెండు పక్క ఎక్సాన్ల మధ్య చూస్తే చాలు. ఆర్ఎన్ఏలో కూడా ఆ ముక్క కనిపిస్తే ఇక దొరికినట్టే.

అందుకే డేటాబేస్‌లో జన్యువు కనిపించగానే నమ్మేయకండి, ఒకసారి పోల్చి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!