నలిగిన వెన్నుపూసకు సూదితో సిమెంటు

పలాసలో జీడిపిక్కల బట్టీలో పనిచేసే మా పెద్దమ్మ నీళ్ల బిందె ఎత్తగానే నడుము కలుక్కుమంది. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస ముందువైపు అణిగిపోయి కనిపించింది. ఎముకలు గుల్లబారితే ఇంత చిన్న బరువుకే పూస నలుగుతుంది.

పలాస చుట్టూ ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అందుకే భయం రెట్టింపు. కిడ్నీ జబ్బు ఎముకల్నీ బలహీనపరుస్తుంది. కొన్ని రకాల నొప్పి బిళ్లలేమో కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

చాలామందికి కొన్ని వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే వెర్టిబ్రోప్లాస్టీ అనే చికిత్స ఉంది. 1984లో ఫ్రాన్సులో మొదలైంది. బోర్లా పడుకోబెట్టి, మత్తిచ్చి, ఎక్స్‌రే తెర చూస్తూ వీపులోంచి సూదిని పూసలోకి దింపి ఎముక సిమెంటు ఎక్కిస్తారు. కాసేపట్లో గట్టిపడుతుంది. కైఫోప్లాస్టీ అనే మరో పద్ధతిలో ముందుగా చిన్న బెలూన్ ఉబ్బించి చోటు చేస్తారు.

పెద్ద కోత ఉండదు గానీ, సిమెంటు బయటికి కారి నరాన్ని నొక్కే ప్రమాదం ఉంది. 2009లో వెలువడిన రెండు అధ్యయనాల్లో, సిమెంటు ఎక్కించకుండా చేసిన ఉత్తుత్తి చికిత్సకంటే వెర్టిబ్రోప్లాస్టీ నొప్పిని ఎక్కువగా తగ్గించలేదు. అందుకే తొందరపడకుండా, ముందు పూస కొత్తగా నలిగిందో, పాతదో ఎమ్మారైలో తేల్చుకోవాలి.

సిమెంటు ఆ ఒక్క పూసనే నిలబెడుతుంది. మిగతావి గుల్లగానే ఉంటాయి. ఎముకల మందు కిడ్నీ డాక్టరునడిగే వాడాలి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా ఊరి అమ్మలందరికీ నా మనవి ఒకటే: నడుము నొప్పికి బిళ్ల మింగేముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.